కొమ్ములూ చెవులూ: బిట్‌కాయిన్‌కు పోటీ ఉన్నదా?

2025 దీపావళికి మా అక్కయ్య వాళ్ళ ఊరు తెనాలి వెళ్ళాను. వీధంతా టపాకాయల పొగ. మా మేనల్లుడు మాత్రం వసారాలో కుర్చీ వేసుకుని, ఫోనులోకి తల దూర్చి కూర్చున్నాడు. సంగతేమిటని అడిగితే మొదట నవ్వి ఊరుకున్నాడు. రాత్రి భోజనాలయ్యాక, వాళ్ళ నాన్న నిద్రపోయాడని నిర్ధారణ చేసుకుని, అసలు విషయం చెప్పాడు. బావగారి పదవీ విరమణ సొమ్ములోంచి నాలుగు లక్షలు తీసుకుని అయిదారు రకాల క్రిప్టో నాణేలు కొన్నాడట. వాటిలో బిట్‌కాయిన్ లేదు. ఆ అక్టోబరు 10వ తేదీ రాత్రి సంత కుప్పకూలింది. ఒక్క రోజులో ప్రపంచవ్యాప్తంగా 1900 కోట్ల డాలర్ల విలువైన అప్పు పందేలు చెరిగిపోయిన రాత్రి అది. మావాడి నాలుగు లక్షలు లక్షన్నర అయ్యాయి.

"బిట్‌కాయిన్ ఎందుకు కొనలేదురా?" అన్నాను.

"అది నోకియా ఫోను లాంటిది మామయ్యా. మొదట వచ్చింది గనక పేరుంది గానీ పని అయిపోయింది. అదీగాక ఒక్కటి కొనాలంటే కోటి రూపాయలు కావాలి. ఇవైతే రూపాయికీ రెండు రూపాయలకీ వస్తున్నాయి" అన్నాడు.

ఊరినుంచి తిరిగివచ్చి కూడలించుకునే వేళకు (పాత అలవాటు, ఆ మాట వదలలేను) నా చిరకాల బ్లాగు మిత్రుడొకరి టపా కనిపించింది. ఆయన చదువుకున్నవాడు, నా కన్నా కంప్యూటర్లు బాగా తెలిసినవాడు. ఆయన రాసినదీ మా మేనల్లుడి మాటే. కాకపోతే చక్కని తెలుగులో, "ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి" అన్న సామెతను తలకట్టుగా పెట్టి రాశారు. బిట్‌కాయిన్ గద్దె దిగటం ఖాయమనీ, ఏ కొత్త నాణెం ఆ గద్దె ఎక్కుతుందన్నదే ప్రశ్న అనీ ఆయన తీర్మానం. కింద వ్యాఖ్యల్లో అందరూ "బాగా చెప్పారు" అన్నారు. నేను ఒప్పుకోలేను. వ్యాఖ్యగా రాద్దామని మొదలుపెడితే అది వ్యాఖ్యపెట్టెలో ఇమడలేదు, అందుకని ఈ టపా.

ఆయన వాదాన్ని ముందు సరిగా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. బిట్‌కాయిన్ సెకనుకు ఏడు లావాదేవీలకు మించి మోయలేదు. ఒక బ్లాకుకు పది నిముషాలు. మైనింగుకు అది తినే కరెంటు కొన్ని దేశాల వాడకంతో పోల్చదగినది. ఇథీరియం అలా కాదు, దాని మీద ఒప్పందాలను ప్రోగ్రాములుగా రాసి నడపవచ్చు. 2022 సెప్టెంబరు 15న అది మైనింగు పద్ధతినే వదిలేసి తన విద్యుత్ వాడకాన్ని నూటికి 99 పాళ్ళకు పైగా తగ్గించుకుంది. సొలానా వంటివి సెకనుకు వేల లావాదేవీలు నడుపుతామంటాయి. యాహూ పోయి గూగుల్, ఆర్కుట్ పోయి ఫేస్‌బుక్ వచ్చినట్టే ఇదీ జరుగుతుంది. ఇదీ వాదం.

ఇందులో చెప్పిన వివరాలేవీ తప్పు కావు. ఆ సామెత ఉన్నదే, దానితోనే మొదలుపెడతాను. కొమ్ములు వాడివే, కాదనను. కాని కొమ్ములు పొడవటానికి, చెవులు వినటానికి. ఎన్ని కొమ్ములు మొలిచినా వినవలసిన పని చెవులదే. బిట్‌కాయిన్ చేసే పని ఏమిటో మొదట తేల్చుకోకుండా దానికన్నా వాడిగా ఉన్నదేదో వెతకటంలోనే పొరపాటుంది.

నేను ఇరవయ్యారేళ్ళు బ్యాంకులో పనిచేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా అకౌంటెంటుగారు నేర్పిన పాఠం ఒకటుంది. పద్దు తప్పు పడితే కొట్టివేయకూడదు, రబ్బరుతో చెరపకూడదు, కాగితం చింపకూడదు. కింద మరో పద్దు వేసి సరిదిద్దాలి, తప్పు తప్పుగానే కనబడుతూ ఉండాలి. లెడ్జరుకున్న గౌరవమంతా ఆ ఒక్క నియమంలోనే ఉంది. అయితే ఆ నియమాన్ని కాపాడేది మనుషులు. పై అధికారి, ఆడిటరు, ప్రభుత్వం. వాళ్ళు తలచుకుంటే నియమం మారుతుంది. 2016 నవంబరు 8 రాత్రి మనందరం చూశాం కదా.

2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిన్ కొత్తగా తెచ్చింది వేగం కాదు, చవక కాదు. తలచుకున్నా ఎవరూ మార్చలేని పద్దుల పుస్తకాన్ని తెచ్చింది. రెండు కోట్ల పది లక్షల నాణేలే ఉంటాయి, ప్రతి 2,10,000 బ్లాకులకూ కొత్త నాణేల రాక సగమవుతుంది అన్న నియమాన్ని సతోషీ నకమోతో పేరుతో ఎవరో రాశారు. 50తో మొదలై 2012లో 25, 2016లో పన్నెండున్నర, 2020లో ఆరుంపావు, 2024 ఏప్రిల్లో 3.125. ఏ ఎన్నికలూ, ఏ యుద్ధమూ, ఏ మహమ్మారీ ఈ లెక్కను కదపలేదు. రాసిన మనిషి 2011 తరువాత మాయమైపోయాడు. ఇప్పుడు ఆయన్ని కోర్టుకు పిలవలేరు, బెదిరించలేరు, కొనలేరు, సన్మానించలేరు కూడా.

ఇక పోటీదారులను చూడండి. ప్రతిదానికీ ఒక తండ్రి ఉన్నాడు, చాలావాటికి ఒక సంస్థ, ఒక కార్యాలయం, ఒక పత్రికా ప్రతినిధి ఉన్నారు. లైట్‌కాయిన్‌కు చార్లీ లీ. ఇథీరియంకు విటాలిక్ బుటెరిన్, ఒక ఫౌండేషను. ఎక్స్‌ఆర్‌పీ అయితే పదివేల కోట్ల నాణేలూ పుట్టుకతోనే తయారైపోయి, వాటిలో సింహభాగం ఒక కంపెనీ చేతిలోకి వెళ్ళింది. ఇథీరియం 2015 జులై 30న నడక మొదలుపెట్టేనాటికే ఏడు కోట్ల ఇరవై లక్షల నాణేలున్నాయి. ఆరు కోట్లు 2014లో ముందుగా అమ్మినవి, మిగతావి తొలి పనివారికీ ఫౌండేషనుకూ. ఇది మోసమని నేననటం లేదు. కంపెనీ వాటాలు అలాగే పుడతాయి. నేననేది, ఇవి వాటాల వంటివి, నాణేల వంటివి కావు అని మాత్రమే.

2016 జూన్ 17న జరిగినది నా మిత్రుడి టపాలో ఒక్క వాక్యంలో కూడా లేదు. డావో అనే పేరుతో ఇథీరియం మీద ఒక ఉమ్మడి పెట్టుబడి నిధి నడిచింది. "ప్రోగ్రామే చట్టం" అన్నది నినాదం. ఆ ప్రోగ్రాములోనే ఉన్న లొసుగును పట్టుకుని ఎవడో ముప్ఫయ్యారు లక్షల ఈథర్ తోడేసుకున్నాడు. అప్పుడేం చేశారు? నెల తిరిగాక, జులై 20న, గొలుసునే చీల్చి ఆ సొమ్ము తిరిగి వెనక్కు రప్పించారు. దొంగసొత్తు సొంతదారులకు చేరింది కదా, మంచిదే కదా అంటారు. మంచిదే. ఆ రోజు నేనక్కడ ఉంటే నేనూ చెయ్యెత్తేవాణ్ణేమో. కాని మా అకౌంటెంటుగారి భాషలో చెప్పాలంటే, అది కింద వేసిన దిద్దుబాటు పద్దు కాదు, బ్లేడుతో గీకిన పద్దు. ఒకసారి మంచికి గీకగలిగినవాళ్ళు మరోసారి ఒత్తిడికి లొంగి గీకగలరు. ఒప్పుకోని కొద్దిమంది పాత గొలుసునే ఇథీరియం క్లాసిక్ అన్న పేరుతో పట్టుకు వేళ్ళాడారు. 2020 ఆగస్టులో, ఒక్క నెలలో, అది మూడుసార్లు యాభయ్యొక్క శాతం దాడులకు గురయ్యింది. నియమానికి కట్టుబడ్డ గొలుసుకు బలం లేదు, బలమున్న గొలుసు నియమాన్ని సడలించింది.

బిట్‌కాయిన్‌ను మాత్రం ఎవరైనా మార్చబోయారా అంటే, మార్చబోయారు. ఈ కథ నాకు చాలా ఇష్టం, కాస్త విస్తరంగా చెబుతాను. 2017 మే నెలలో యాభైకి పైగా కంపెనీలు న్యూయార్క్‌లో ఒక ఒప్పందానికి వచ్చాయి. మైనింగు బలంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా వారి వెనుక ఉంది. బ్లాకు పరిమాణం రెట్టింపు చేయాలి, ఎక్కువ లావాదేవీలు పట్టాలి, అంతే. ఎంత చిన్న కోరిక! డబ్బు వారిదే, యంత్రాలు వారివే, వ్యాపార సంస్థలన్నీ దాదాపు వారివే. ఎదురు నిలిచినది ఎవరు? ఇళ్ళలో చిన్న కంప్యూటర్ల మీద బిట్‌కాయిన్ పూర్తి చిట్టాను నడుపుకునే సామాన్య వాడుకరులు. బ్లాకు పెద్దదైతే మా వంటివారు చిట్టాను మా ఇళ్ళలో సరిచూసుకోలేం, ఆ పని పెద్ద కంపెనీల చేతికి పోతుంది అన్నది వారి అభ్యంతరం. నవంబరు 8న ఆ కంపెనీల నాయకులే ప్రయత్నం మానుకుంటున్నామని ప్రకటించారు. ఈలోగా ఆగస్టు 1న, ఓపిక లేనివారు ఎనిమిది రెట్ల బ్లాకుతో బిట్‌కాయిన్ క్యాష్ అన్న కొత్త గొలుసుగా విడిపోయారు. అదే చిట్టా, అదే రెండు కోట్ల పది లక్షలు, అదే పేరు, పైగా చవక, వేగం. నా మిత్రుడి లెక్క ప్రకారం అదే గెలవాలి. ఈనాడు దాని ధర బిట్‌కాయిన్ ధరలో నూరో వంతు కూడా లేదు.

వాడి కొమ్ములకు ఇంతకన్నా మంచి పరీక్ష ఎవరు పెట్టగలరు?

ఆర్కుట్, ఫేస్‌బుక్ పోలిక గురించి ఒక మాట. మనలో చాలామందిమి కొన్నాళ్ళు రెండిటిలోనూ ఉన్నాం. అటూ ఇటూ తిరిగాం, స్నేహితులు ఎటు పోతే అటు పోయాం, ఖర్చేమీ కాలేదు. దాచుకున్న సొమ్ము అలా తిరగదు. ఒక రూపాయి ఒకసారి ఒకచోటనే ఉంటుంది, ఎదుటివాడు దాన్ని రేపు కూడా పుచ్చుకుంటాడన్న నమ్మకం మీద ఉంటుంది. పోల్చదలచుకుంటే మనకు బాగా తెలిసినదే ఒకటుంది. తెలుగు ఫాంట్ల చరిత్ర గుర్తుందా? ఒక్కో దినపత్రికకు ఒక్కో ఫాంటు. ఈ పత్రిక తెరవాలంటే ఈ ఫాంటు దించుకోవాలి, ఆ పత్రికకు అది. ఒక దాన్నుంచి నకలు తీసి మరో చోట అతికిస్తే పిచ్చి గీతలు. వాటిలో కొన్ని ఎంత అందమైనవి! యూనికోడ్ వచ్చిన కొత్తలో దాని అక్షరాలు వికారంగా ఉన్నాయని, వత్తులు విరిగిపోతున్నాయని, ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు తింటోందని మనమే ఎన్ని గొణిగాం! అయినా ఈ రోజు మిగిలిందెవరు? అందమైనవి మిగలలేదు. కదలనిది మిగిలింది. యూనికోడ్‌లో ఒక అక్షరానికి ఒకసారి స్థానం ఇచ్చాక దాన్ని మార్చరు, తీసివేయరు. పేరు తప్పుగా పడినా ఆ తప్పుపేరే శాశ్వతం. ఆ మొండితనం వల్లనే మనం ఆనాడు లేఖినిలో టైపు చేసిన టపాలు ఈనాటికీ ఎక్కడైనా చదవగలుగుతున్నాం. (యూనికోడ్‌కు ఒక కన్సార్షియం ఉంది కదా, తండ్రి లేడని ఎలా అంటారు అని మిత్రులు పట్టుకుంటారు. నిజమే, పోలిక అక్కడ కుంటుతుంది. కాని ఆ కన్సార్షియం తన చేతులు తానే కట్టేసుకుంది, గమనించగలరు.)

ఇప్పుడు వెండి సంగతి. 2011 అక్టోబరులో లైట్‌కాయిన్ వచ్చినప్పుడు బిట్‌కాయిన్ బంగారమైతే ఇది వెండి అన్నారు. నాలుగు రెట్లు నాణేలు, రెండున్నర నిముషాలకో బ్లాకు. వినటానికి ఎంత ముచ్చటగా ఉంది! ఆ పోలిక చెప్పినవారికి వెండి చరిత్ర తెలుసో లేదో గాని మనకు తెలిసి ఉండాలి, ఎందుకంటే దాని దెబ్బ తిన్నది మన తాతముత్తాతలే. వేల ఏళ్ళు వెండీ బంగారమూ పక్కపక్కనే నాణేలుగా నడిచాయి. 1871 తరువాత జర్మనీ బంగారానికి మారింది, 1873లో అమెరికా వెండి డాలరు ముద్రణకు తలుపు మూసింది, తక్కిన యూరపు ఆ దారే పట్టింది. వెండి రూపాయి మీద బతుకుతున్న హిందూదేశం మిగిలిపోయింది. 1870ల మొదట్లో రెండు షిల్లింగుల దాపున ఉన్న రూపాయి ఇరవయ్యేళ్ళలో షిల్లింగున్నర కన్నా దిగజారింది. చివరకు 1893లో దొరలు మన టంకసాలలలో వెండిని స్వేచ్ఛగా నాణెం చేయించుకునే హక్కునే రద్దు చేశారు. రెండు నాణేలు ఒకే పనికి పోటీ పడ్డప్పుడు రెండోది రెండోస్థానంలో హాయిగా కూర్చోలేదు. దాచుకునేవారు ఒక్కొక్కరే మొదటిదానికి మారటంతో అది నగల దుకాణానికి పోయింది. పౌండు పోయి డాలరు రాలేదా అని అడగవచ్చు. వచ్చింది. కాని డాలరు వేగంగా అచ్చయినందుకు కాదు, రెండు మహాయుద్ధాలలో బ్రిటన్ అప్పులపాలై తన మాట తాను నిలుపుకోలేకపోయినందుకు. మొదటిది మాట తప్పితే రెండోదానికి అవకాశం. మాట తప్పనంతవరకు వాడి కొమ్ములతో పని లేదు.

లైట్‌కాయిన్ తండ్రి తన దగ్గరున్న లైట్‌కాయిన్లన్నీ అమ్మేశానని 2017 డిసెంబరులో స్వయంగా ప్రకటించాడు. తన మాటలు ధరను ప్రభావితం చేస్తున్నాయన్న నింద రాకూడదని కారణం చెప్పాడు. నిజాయితీగానే చెప్పి ఉండవచ్చును. సరిగ్గా ఆ నెలలోనే ఆ నాణేలను కొన్న మహానుభావుల్లో నేనొకణ్ణి. అరవై వేల రూపాయలు. "బంగారం మించిపోయింది, వెండి అయినా కొందాం" అన్నది ఆనాటి నా జ్ఞానం. నేను కొన్న ఎక్స్ఛేంజి తరువాత మూతపడింది, నా అరవై వేలు ఎటు పోయాయో నాకే తెలియదు. అందుకని మా మేనల్లుణ్ణి ఆ రాత్రి తిట్టలేకపోయాను. వాడి కంటే నేను ముప్ఫయ్యేళ్ళు పెద్ద, బ్యాంకువాణ్ణి, వెండి రూపాయి కథ చదివినవాణ్ణి. నాకే ఆ బుద్ధి పుట్టింది.

ఇథీరియంను మాత్రం ఈ గుంపులో కలపలేను. అది బతికింది, దాని మీద నిజంగా ఏవో నడుస్తున్నాయి. 2017 జూన్‌లో అది మార్కెట్ విలువలో బిట్‌కాయిన్‌ను దాటేస్తుందని అందరూ ఎదురుచూశారు, "తిరగబడటం" అని దానికొక పేరు కూడా పెట్టారు. దాటలేదు. ధర డాలర్లలో చూస్తే ఆ తరువాత ఎంతో పెరిగిన మాట నిజం. డాలర్లలో చూడకండి, పోటీ ఎవరితో అన్నారో వారితో తూచండి. 2017 జూన్‌లో ఒక ఈథర్ బిట్‌కాయిన్‌లో ఏడో వంతు. 2021 చివరకు సుమారు పన్నెండో వంతు. 2025 ఏప్రిల్లో యాభయ్యో వంతు కన్నా తక్కువ. 2021లో నాలుగువేల ఎనిమిది వందల డాలర్లు తాకిన ఈథర్ 2025 ఆగస్టులో ఆ శిఖరాన్ని బొటాబొటిగా దాటింది. 2021లో 69 వేలు తాకిన బిట్‌కాయిన్ 2025 అక్టోబరులో లక్షా ఇరవయ్యారు వేలకు వెళ్ళింది. ఎనిమిదేళ్ళ పరుగుపందెంలో వెనకవాడు ఇంకా వెనకబడుతుంటే అతన్ని పోటీదారు అని ఎందుకంటున్నాం? అతను వేరే మైదానంలో వేరే ఆట ఆడుతున్నాడు. ఆ ఆటలో గెలిస్తే గెలవనివ్వండి. ప్రోగ్రాముల వేదికకూ పద్దుల పుస్తకానికీ పోటీ పెట్టటం, ఎద్దుకూ ఏతానికీ పోటీ పెట్టటం వంటిది.

మొనీరో గురించి కూడా ఒక వాక్యం. 2014లో వచ్చింది, ముందుగా పంచుకున్న నాణేలు లేవు, ఎవరు ఎవరికి ఎంత పంపారో కనబడదు. నాకు గౌరవమున్న ఒకే ఒక్క ప్రత్యామ్నాయం అది. ఆ గోప్యత కారణంగానే పెద్ద ఎక్స్ఛేంజీలు ఒక్కొక్కటే దాన్ని వెళ్ళగొట్టాయి. మిగతా వేలాది నాణేల గురించి చెప్పేదేముంది. 2022 మేలో టెర్రా, లూనా జంట వారం రోజుల్లో నాలుగువేల కోట్ల డాలర్ల విలువను బూడిద చేసింది. 2018 జనవరిలో బిట్‌కనెక్ట్ మూతపడింది, దాని వ్యవస్థాపకుడు మన సూరత్ వాసి. 2013లో కేవలం పరిహాసానికి పుట్టించిన డోజ్‌కాయిన్ ఇవాళ ఏటా అయిదు వందల కోట్ల కొత్త నాణేలు పుట్టిస్తూ ఇంకా బతికే ఉంది. పరిహాసం మిగిలి, గంభీరంగా పుట్టినవి చచ్చాయంటే ఆ సంతలో ధరలు దేన్ని బట్టి నిర్ణయమవుతున్నాయో ఆలోచించండి.

అలాగని బిట్‌కాయిన్‌కు ఏ దోషమూ లేదని నేను కీర్తన పాడటం లేదు. కూరగాయలు కొనుక్కోవటానికి అది పనికిరాదు. ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో దాన్ని చట్టబద్ధ ద్రవ్యం చేసింది, జనం వాడలేదు, 2025 జనవరిలో చట్టాన్ని సడలించుకుంది. చెల్లింపుల రంగంలో దాన్ని ఓడించినది టెథర్ వంటి డాలరు నాణేలు. కాని అవి పచ్చనోటుకు వేసిన కొత్త వేషం, ప్రత్యామ్నాయం కాదు. ఇంకా పెద్ద దిగులు మరొకటుంది. కొత్త నాణేల రాక సగమవుతూ సగమవుతూ పోతే, మైనర్లకు రుసుముల మీదనే బతకవలసిన రోజు వస్తుంది. ఆ రుసుములు గొలుసును కాపాడటానికి సరిపోతాయా? నిజాయితీగల ప్రశ్న అది. 2024 జనవరిలో అమెరికా ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చినప్పటినుంచి నాణేలు కొద్ది పెద్ద సంస్థల ఖజానాల్లో పోగుపడుతున్నాయి. ఒక్క కంపెనీ చేతిలోనే ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. 2017లో ఎదురునిలిచిన ఆ చిన్న కంప్యూటర్లవాళ్ళు రేపు కూడా మిగిలి ఉంటారా అన్నది నన్ను నిద్రపోనివ్వని సంగతి. కాని మిత్రమా, ఈ దిగుళ్ళలో ఒక్కటైనా నిజమైతే లాభపడేది మీ కొమ్ములు కావు. 2018లో బిట్‌కాయిన్ తన శిఖరం నుంచి నూటికి ఎనభై పైచిలుకు పడితే ఈథర్ తొంభై పైచిలుకు పడింది. చెట్టు కూలితే గూళ్ళు గాలిలో నిలబడవు.

ఇక మా మేనల్లుడి "రూపాయికీ రెండు రూపాయలకీ" మాట. నా మిత్రుడి టపాలోని సిద్ధాంతాలన్నిటికన్నా జనాన్ని ముంచుతున్నది ఈ మాటే. నాణెం ఖరీదు తక్కువ అంటే చవక అని కాదు, సంఖ్య ఎక్కువ అని. పదివేల కోట్ల ముక్కలు చేసిన వస్తువు ముక్క రెండు రూపాయలైతే అది కోటి రూపాయలకు చేరాలంటే భూగోళం మీది ఆస్తంతా అమ్మినా చాలదు. బిట్‌కాయిన్ ఒకటి మొత్తంగా కొనవలసిన పని లేదు, పది కోట్ల భాగాలుగా చీలుతుంది, నూరు రూపాయలకైనా వస్తుంది. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళకు గిట్టుబాటు కాదు. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద ముప్ఫై శాతం పన్ను, ఆ జులై నుంచి ప్రతి అమ్మకం మీదా ఒక శాతం మూలంలోనే కోత. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకొక నాణెంలో వచ్చిన లాభానికి సర్దుకోవటానికి వీల్లేదు. అంటే, అయిదు గుర్రాల మీద పందెం కాసి, నాలుగు ఓడి, ఒకటి గెలిచినవాడు గెలిచినదాని మీద పూర్తి పన్ను కట్టాలి. "తరువాతి బిట్‌కాయిన్ ఏది" అని వెతికేవాడు ఆడేది సరిగ్గా ఈ ఆటే. ఒకదాన్నుంచి ఇంకొకదానికి దూకిన ప్రతిసారీ కోత. మావాడికి ఆ సంగతి నేను చెప్పేవరకూ తెలియదు. కాగితం మీద రెండున్నర లక్షలు పోగొట్టుకుని, మధ్యలో అమ్మిన ఒక్క నాణెం తాలూకు లాభానికి పన్ను బాకీ ఉన్నాడు.

అందుకే మిత్రుడి టపా మీద నాకు కోపం. ఆయన దృష్టిలో ఇది సాంకేతిక చర్చ, ఎవరు వేగం, ఎవరు తెలివి. వసారాలో కూర్చున్న కుర్రవాడు దాన్ని చదివేది వేరేగా. "రాజు మారబోతున్నాడు, కొత్త రాజును ముందే గుర్తుపట్టినవాడికి జాగీరు" అని చదువుతాడు. ఆ చదువు తప్పని చెప్పకుండా సామెత చెప్పి ఊరుకుంటే ఎలా?

నా మనసు మారాలంటే ఏం జరగాలని అడుగుతారేమో. చెబుతాను. ముందుగా పంచుకోకుండా పుట్టిన నాణెమొకటి రావాలి, పుట్టించినవాడు దాన్ని వదిలి వెళ్ళిపోవాలి, ఆ తరువాత పెద్ద డబ్బంతా ఒకవైపు చేరి దాని నియమాన్ని మార్చమన్నప్పుడు అది మారకుండా నిలబడాలి, అలా ఒక పదేళ్ళు. అది జరిగిన రోజున ఈ టపాను చెరపను, దీని కిందే దిద్దుబాటు పద్దు వేస్తాను. అంగీకరించనివారు వ్యాఖ్యలు రాయండి, అజ్ఞాతలకు కూడా తలుపు తెరిచే ఉంచాను.

నిన్న సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేశాడు. పన్ను కట్టేశాడట. "మిగిలిందేం చేశావురా?" అన్నాను. "నాన్నకు చెప్పేశాను మామయ్యా" అన్నాడు. నేనడిగినది అది కాదు. అయినా ఇంకేమీ అడగలేదు.